ట్రంకు పెట్టెకు రెండో పిడి

మూడో అంతస్తు మెట్ల మలుపులో ట్రంకు పెట్టె గోడకి కొట్టుకుని ఆగింది. ఒక పిడి హాస్టల్ కమిటీ సెక్రెటరీ చేతిలో ఉంది. రెండో పిడి ఆమె గదిలోనే ఉండే, లెక్కలు చదివే అమ్మాయి పట్టుకుంది. పెట్టె సొంతదారు వాళ్ల వెనకాలే చంకలో దిండు, చేతిలో బకెట్టుతో దిగుతోంది. బక్కపలచటి పిల్ల కాబట్టి అందరూ పిట్ట అంటారు. ఆదివారం పొద్దున పదకొండయింది. బట్టలారేస్తున్న అమ్మాయిలు చూసీ చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

"కాస్త ఆగవే, చెయ్యి కోసుకుపోతోంది" అంది లెక్కల అమ్మాయి.

సెక్రెటరీ ఆగింది. ఆమెకి నొప్పి తెలియడం లేదు. నిన్న మీటింగు అయినప్పటి నుంచి ఏదీ తెలియడం లేదు. పొద్దున వేడి టీ నాలుక కాల్చినా అలాగే తాగేసింది.

గది పోయిన పిల్ల పెట్టెని గదిలోవాళ్లే మోసి గేటు బయట దించడం ఈ హాస్టల్లో ఆచారం. నాలుగేళ్ల కిందట వాచ్‌మన్ ఒక అమ్మాయి సామాను రోడ్డు మీదికి విసిరేశాడు. పిల్లలు రెండు రోజులు అన్నం మానేసి పోట్లాడారు. హాస్టల్ పాలన మా చేతికివ్వాలి, మా సామాను బయటివాళ్లెవరూ ముట్టుకోకూడదు అన్నారు. రెండూ గెలిచారు. ఎంత గొప్ప గెలుపంటే, ఇప్పుడు ఓ పిల్లని గెంటడానికి వాచ్‌మన్ అక్కర్లేదు. ఆ పనీ పిల్లలే చక్కగా చేసిపెడుతున్నారు.

గేటు సాయంత్రం ఏడున్నరకి మూస్తారు. వంతులవారీగా అమ్మాయిలే రిజిస్టర్ పట్టుకుని కూర్చుని, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేరు కింద ఎర్రగీత కొడతారు. మూడు గీతలు పడితే గది పోయినట్టే. ఆ రూలు తెచ్చింది సెక్రెటరీయే. సినిమాలకి పోయి, వాచ్‌మన్ని మంచి చేసుకుని ఎప్పుడంటే అప్పుడు లోపలికొచ్చే డబ్బున్న పిల్లల పొగరు అణచాలని పట్టుబట్టింది. అందరూ చేతులెత్తారు. పిట్ట రెండు చేతులూ ఎత్తితే అందరూ నవ్వారు.

నెల తిరక్కుండానే ఆ డబ్బున్న పిల్లలు ఊళ్లో ఉన్న పిన్నుల చేత, బాబాయిల చేత ఉత్తరాలు రాయించుకొచ్చారు. బంధువు సంతకం ఉంటే గీత చెల్లదని ఇంకో రూలు చేయించుకున్నారు. దానికీ చేతులు లేచాయి. పిట్టకి ఈ ఊళ్లో బంధువులు లేరు. ఓ దర్జీ షాపులో సాయంత్రాలు గుండీలు, కాజాలు కుట్టి, ఆ వచ్చిన దాంతో మెస్సు డబ్బు కడుతుంది. షాపు మూసేది ఏడింటికి. బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

మూడో గీత కొట్టింది సెక్రెటరీయే. ఆ రోజు గేటు డ్యూటీ తనది. పిట్ట పదకొండు నిమిషాలు ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది. నా గదిలో పిల్లని నేనే వదిలేస్తే రేపు నా మాట ఎవరు వింటారు అనుకుంది సెక్రెటరీ.

"రాసుకోవే, పర్లేదు. మా ఓనరు ఉత్తరం ఇస్తానన్నాడులే" అంది పిట్ట.

ఓనరు ఉత్తరం ఇచ్చాడు. ఓనరు బంధువెలా అవుతాడంది కమిటీ. నిన్న మీటింగులో పిట్టని పంపెయ్యడానికి నలభై ఒక్క చేతులు లేచాయి. సెక్రెటరీకి ఓటు లేదు, లెక్కపెట్టడమే ఆమె పని. లెక్కపెట్టింది. వార్డెనమ్మ దగ్గరికి వెళ్తే, "నాదేముందమ్మా, మీ రాజ్యం మీది" అని నవ్వి సంతకం పెట్టింది.

పరీక్షలు ఇంకా మూడు వారాలు. బయట గది అద్దె పిట్ట సంపాదనకి రెండింతలు. ఇంటికి వెళ్లిందా, ఇక చదువు అయిపోయినట్టే. ఇటుకల బట్టీలో వాళ్లమ్మ పక్కన చోటు ఎప్పుడూ ఖాళీయే.

పెట్టె గేటు దాకా వచ్చింది. ఇవాళ డ్యూటీ హారన్‌ది. స్కూటరు మీద వచ్చి గేటు తీసేదాకా హారన్ కొడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆమె పేరు కింద తొమ్మిది ఎర్రగీతలున్నాయి, ఆ పేజీకి గుచ్చిన, వాళ్ల పిన్ని రాసిచ్చిన ఉత్తరాలూ తొమ్మిదే.

"సారీ పిట్టా, రూలు కదా. ఇక్కడ సంతకం పెట్టు" అంది హారన్, పెన్ను అందిస్తూ.

పిట్ట బకెట్టు కింద పెట్టి సంతకం చేసింది. తర్వాత సెక్రెటరీ వైపు తిరిగింది.

"నీ నీలం చొక్కాకి గుండీ కుట్టానే. నీ దిండు కింద పెట్టా. కమిటీ ఫొటోకి అదే వేసుకుంటానన్నావుగా. ఇక మీరెళ్లండి, అవతలికి నేనే లాక్కుంటా."

సెక్రెటరీకి అప్పుడు చెయ్యి నొప్పెట్టింది. పిడి అంచు అరచేతిలోకి దిగి ఎర్రగా గీత పడింది. దాన్ని చూస్తూ ఉండిపోయింది. సిగ్గేసింది, ఏడుపు మాత్రం రాలేదు. పెట్టెని సరిగ్గా గేటు రెక్కల మధ్య దింపి, దాని మీద కూర్చుంది.

"నేను మొయ్యను" అంది.

"అదేంటే? సాయంత్రం గేటు ఎలా మూసేది? వాచ్‌మన్ని పిలవాలా?" అంది హారన్.

"పిలువు. వాచ్‌మన్ ముట్టుకోకూడదని రూలుంది. గదిలోవాళ్లే మొయ్యాలి. నేను మొయ్యను."

హారన్ రిజిస్టర్ తిరగేసింది. దీనికి అందులో ఏ రూలూ లేదు. వార్డెనమ్మకి చెప్పడానికి లోపలికి పరిగెత్తింది. పిట్ట బకెట్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుంది.

"ఎంతసేపు కూర్చుంటావే?" అంది.

"తెలీదు."

పైన బట్టలారేస్తున్న అమ్మాయిలు పని ఆపి ఇటే చూస్తున్నారు. వార్డెనమ్మ చెప్పుల చప్పుడు వరండాలోంచి వినిపిస్తోంది. లెక్కల అమ్మాయి ఇంకా వంగే ఉంది. రెండో పిడి ఆమె చేతిలోనే ఉంది. ఎత్తడమూ లేదు, వదలడమూ లేదు.