హైమావతి పేరు కొట్టిన కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. మిల్లులో రేకునై, అచ్చులో నొక్కులు పడి, చిలకలూరిపేట కొట్లోకి వచ్చాను. నా అంచున ‘హైమావతి’ అని పేరు కొట్టి ఉంటుంది. ఎవరైనా పెళ్లిలో చదివించే సామానుకు పేరు కొట్టిస్తారు. నాకు మాత్రం భయంతో కొట్టించారు.

హైమావతికి థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక గుంటూరులో ఒక ఆసుపత్రివాళ్లు రేడియోధార్మిక మందు బిళ్ల మింగించి, అదే రోజు ఇంటికి పంపారు. మందు ఒంట్లో ఉన్నన్నాళ్లు ఆమె నుంచి కిరణాలు వస్తాయట. వారం పది రోజులు కంచం, పక్క వేరుగా ఉంచమన్నారు. నాలుగేళ్ల కూతురు లాస్యను దగ్గరకు రానివ్వొద్దన్నారు. సబబైన మాటే. అత్త తులశమ్మ నన్ను కొని, పొరపాటున కూడా మరొకరు ముట్టకూడదని అక్కడికక్కడే పేరు కొట్టించింది. పది రోజుల కంచానికి చెరగని పేరెందుకని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

వరండాలో హైమావతి మంచం, మంచం కింద నేను. గడువు దాటింది. పరీక్షకు వెళ్తే కిరణాలు కొలిచే మీటరు పెట్టి చూసి, ఇక భయం లేదు, పిల్లను ఎత్తుకోవచ్చన్నారు. బస్సు దిగి ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. తులశమ్మ గుమ్మంలోనే ఆపింది. మైలకైతే తలస్నానం ఉంది, దీనికేముందని ఆవిడ అనుమానం. చెడ్డ మనిషి కాదు, మనవరాలంటే ప్రాణం.

“ఇంకొన్నాళ్లు ఆగమ్మాయ్. పసిదానికేమన్నా అయితే ఎవరు తెచ్చిస్తారు?” అంది.

భర్త శేషుబాబు డాక్టరు మాట చెప్పబోయి, తల్లి మొహం చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఏం మగాడో!

ఆ ఇంకొన్నాళ్లకు అంతు లేకపోయింది. ఎండలు పోయి వానలొచ్చాయి. నాలో వడ్డించి గడప అవతల పెట్టి వెళ్లేవారు. సగం మెతుకులు నాలోనే ఎండిపోయేవి. మొదట్లో హైమావతి పోట్లాడింది, ఏడ్చింది. తర్వాత తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకోసాగింది. నాకు నోరుంటే, నీలో ఏమీ లేదే పిచ్చిదానా అని అరిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం తులశమ్మ కునుకు తీస్తుంటే, జ్వరంతో ఉన్న లాస్య గడప దాటి వచ్చింది. “అమ్మా, ఎత్తుకోవే” అని చేతులు చాపింది. హైమావతి చేతులూ లేచాయి. అంతలోనే వెనక్కి జరిగి గోడకు అంటుకుపోయింది.

“రాకు తల్లీ. నీకీ జ్వరం నా వల్లే వచ్చుంటుంది. లోపలికి పో.”

పిల్ల చాపిన చేతులు దించుకుంది. తర్వాత వెళ్లి నాయనమ్మ పక్కన పడుకుంది. మళ్లీ ఎప్పుడూ వరండాలోకి రాలేదు.