హిమబిలమున వెలువడిన మాట

ప్రాలేయశిఖరముల కొనలయందు బాలార్కుని తొలికిరణములు కుంకుమరేఖలవలె ప్రసరించుచుండగా ఆ మహాహిమానీనదము లోలోపల నెచ్చటనో పగులుచు గంభీరధ్వానములు చేయుచుండెను. ఆ ధవళప్రాంతరమున మువ్వురు ఒకే త్రాటికి నడుములు కట్టుకొని నడచుచుండిరి. ముందు నడచువాడు నలువది యాత్రలు నడిపిన నిపుణుడని పత్రికలచే కీర్తింపబడిన కొచ్చెర్ల భార్గవరావు. అతని వెనుక కాత్యాయని. ఆమె వెనుక గుంటూరువాడగు విశ్రాంత ఇంజనీరు పట్టాభిరామయ్య.

ఆరేండ్ల క్రిందట ఇచ్చటనే కాత్యాయని యన్న శశిధరుడు భార్గవరావుతో ఒకే త్రాటిన నడచుచు మంచుబిలమున బడి మరణించెను. ముడి సరిగా వేసికొనక తన యజాగ్రత్తచేతనే పడెనని భార్గవరావు లోకమునకు చాటగా కన్నతల్లియు నమ్మి కుమిలిపోయెను. కాని కదలెడు మంచు తాను మ్రింగినదానిని దిగువకు మోసికొనివచ్చి విడిచిపెట్టును. నిరుడు బయల్పడిన శశిధరుని దేహమున నడుముకడ ముడి చెక్కుచెదరక యుండెను. మూరెడు దూరమున త్రాడు కత్తితో కోయబడియుండెను. కోసినదెవరో చెప్పగలవాడొక్కడే. కాత్యాయని అత్తవారింటిపేరు చెప్పికొని యతని యాత్రలో చేరెను.

ముందు నడచువాడు ఇనుపకడ్డీతో మంచును పొడిచి చూడక అడుగు వేయరాదు. భార్గవరావు కడ్డీని భుజమున మోయుచు నడచుచుండెను.

"పొడిచి చూడరేమండీ?" అని పట్టాభిరామయ్య యడిగెను.

"నిరుడు నడిచిన దారేనండీ. కళ్లు మూసుకుని నడుస్తా."

"మీరు మూసుకోండి. మేం మాత్రం తెరుచుకునే ఉంటాం!" అని వృద్ధుడు నవ్వెను.

మంచు కదలుననియు నిరుటి దారి నేడుండదనియు పలువురకు నేర్పినవాడే దానిని మరచెను. అతని యెదుట బిలమును కప్పిన మంచు ఇంచుక కుంగియుండుట కాత్యాయని చూచెను. హెచ్చరింపలేదు. మంచుగొడ్డలిని పిడివరకు దిగగొట్టి దానికి త్రాటిని చుట్టి మడమలు తన్ని నిలిచెను.

మరుక్షణమే భార్గవరావు అదృశ్యుడయ్యెను.

"లాగమ్మా! త్వరగా లాగు!" అని బిలమునుండి కేక వెలువడెను.

"లాగుతా సార్. శశిధర్ తాడు ఎవరు కోశారు?"



"నువ్వు... అతని చెల్లెలివా?"

"నా చేతిలో కత్తి ఉంది. మీకు తెలిసిన పనేగా, చిటికెలో అయిపోతుంది."

"అమ్మాయ్, వద్దమ్మా!" అని పట్టాభిరామయ్య అరచెను.

"నేనే కోశాను! అతని బరువుకి నేనూ జారిపోయేవాణ్ణి!"

"మరి ముడి ఊడిందని ఎందుకు చెప్పారు?"

"నా పేరు పోతుందని..."

"చచ్చినవాడి పేరు తీసి మీది నిలబెట్టుకున్నారన్నమాట!"

ఇరువురును శ్రమించి లాగగా భార్గవరావు ముఖము బిలముయొక్క అంచునకు వచ్చెను. అచ్చటనే నిలిపి కాత్యాయని తన తల్లికి శాటిలైట్ ఫోను కలిపి అతని చెవికి ఆనించెను. అవతల నొక ముదుసలి కంఠము పలికెను.

"మావాడు ముడి సరిగ్గానే వేశాడా బాబూ?"

భార్గవరావు కన్నులు మూసికొనెను.

"సరిగ్గానే వేశాడమ్మా. నేనే తాడు కోశాను."

అప్పుడుగాని ఆమె యతనిని పైకి లాగలేదు.

తిరుగుప్రయాణమునకు ముందు పట్టాభిరామయ్య మెల్లగా ననెను. "అమ్మాయ్, ఆయన పడకముందే గొడ్డలి దింపావు. చూశాను."

"చూశారుగా బాబాయిగారూ. మా అన్నకి ఆయన ఆపాటి సాయం కూడా చెయ్యలేదు."

కడ్డీతో మంచును పొడుచుచు కాత్యాయని ముందు నడచెను. ఆమె వెనుక ఆమె వేసిన ముడితో భార్గవరావు నడచెను. త్రాడు బిగిసినప్పుడెల్ల ఆ మహానిపుణుడు ఉలికిపడి యామె చేతులవంక చూచుచుండెను. ఆమె యొక్కమారైనను వెనుదిరుగలేదు.