నాలుగు స్కానర్లు, వినకూడని ఒక్క గంట

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన ఆవిణ్ణి వీధి వీధంతా ఎక్స్ఛేంజమ్మ అనే పిలిచేది. రిటైరయ్యాక ఇంట్లో నిశ్శబ్దం భరించలేక ఊళ్ళో వైర్‌లెస్ మాటలు పట్టి వినిపించే ఒక రేడియో స్కానరు కొనుక్కుంది. గాల్లో పోయే మాటలంటే ఆవిడ చెవి కోసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి స్కానర్లు నాలుగయ్యాయి. విమానాశ్రయానికి ఒకటి, ఓడరేవుకి ఒకటి, ఫైరింజన్లకి ఒకటి, టాక్సీలకి ఒకటి. నాలుగూ ఒకేసారి నోరు విప్పితే ఇల్లు చేపల బజారే! ఒకదాని గొంతు తగ్గించి, ఇంకోదానిది పెంచి, ఆవిడ కాలుకాలిన పిల్లిలా తిరిగేది.

"అత్తయ్యా, నాలుగింటినీ ఒక్క కంప్యూటరుకి కట్టేద్దాం," అంది కోడలు ఒక ఆదివారం.

వైర్లు పెట్టారు. తెర మీద నాలుగు గళ్ళు వచ్చాయి. విమానాశ్రయం అని రాసిన గడిలోంచి ఎవరో, "స్టేషను దగ్గర ముగ్గురున్నారు, సామాను ఎక్కువ, ఎవరెళ్తారు?" అన్నారు.

"విమానం స్టేషనుకెందుకే?" అంది అత్తగారు.

నాలుగు స్కానర్లూ ఒకే రకానివి. ఏది ఏదో కంప్యూటరు పోల్చుకోలేకపోయింది. కోడలికి తలప్రాణం తోకకొచ్చింది.

"అన్నీ పీకెయ్. ఒక్కోటే పెట్టి, పెట్టగానే పేరు రాసెయ్," అంది అత్తగారు. "మా బోర్డు మీద వైర్లు కలిసిపోతే అలాగే చేసేవాళ్ళం."

అంతే, పని కుదిరింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కంప్యూటరు ఒకరి మాట ముందు వినిపించి, రెండోవాళ్ళది దాచి తర్వాత వినిపిస్తుందట.

"ఎవరి మాట ముందు?" అని అడిగింది కోడలు.

"అదేం ప్రశ్న? విమానాశ్రయం!"

ఎందుకంటే ఆవిడ కూతురు అక్కడి కంట్రోల్ టవర్లో శిక్షణలో ఉంది.

ఆ బుధవారం కూతురు తల్లిని పట్టుకుంది. "అమ్మా, రేపు పదింటికి మొదటిసారి మైకు నా ఒక్కదాని చేతికిస్తున్నారు, గంటసేపు. నువ్వు వింటున్నావనుకుంటే నాకు నాలుక మడత పడుతుంది. వినకూడదు. ఒట్టెయ్."

ఎక్స్ఛేంజమ్మ ఒట్టేసింది.

గురువారం పదింటికి స్పీకర్లు ఆపేసి అలమర సర్దింది. పదింబావుకి సర్దిన అలమరే మళ్ళీ సర్దింది. తెర మీద విమానాశ్రయం గడి ఆకుపచ్చగా మిణుకుమంది. అంటే అక్కడ ఎవరో మాట్లాడుతున్నారు.

"చూడొద్దనలేదుగా," అనుకుని కుర్చీ లాక్కుంది. ఆ గడి వెలిగినప్పుడల్లా ఆవిడ పెదాలు కదిలాయి. కాసేపు వెలక్కపోతే ఊపిరి బిగబట్టింది. పదకొండు దాటాక గానీ వెనక్కి వాలలేదు.

మధ్యాహ్నం కూతురు గాల్లో తేలుతూ వచ్చింది. "విన్నావా?"

"లేదే."

"ఒక్క ముక్క కూడా?" కూతురి మొహం చిన్నబోయింది.

"ఒట్టేయించుకున్నది నువ్వేగా!"

"వేయించుకుంటే మాత్రం! నువ్వు నిజంగా ఆగుతావని ఎవరనుకున్నారు?"

కోడలికి నవ్వాగలేదు. "ఒట్టు మీ అమ్మది. కంప్యూటరు ఏ ఒట్టూ వెయ్యలేదమ్మాయ్," అంటూ ఒక నొక్కు నొక్కింది. స్పీకర్లు ఆపేసినా అది రికార్డు చేస్తూనే ఉంది; గంటసేపటి మాటలూ అందులో భద్రంగా ఉన్నాయి.

ముగ్గురూ తెరకి అతుక్కుపోయి విన్నారు. కూతురి గొంతు మొదట్లో వణికి, మూడో విమానానికల్లా నిలదొక్కుకుంది. గాలి చెప్పింది, ఎత్తు చెప్పింది, దారి చెప్పింది. ఉన్నట్టుండి పైలట్‌తో నోరు జారి, "దిగొచ్చు... సరే నాన్నా!" అంది.

 స్పీకర్లోంచి ఒక పెద్దాయన గొంతు గంభీరంగా, "దిగుతున్నానమ్మా," అంది.

కోడలు పొట్ట పట్టుకుంది. కూతురు దిండులో మొహం దాచుకుంది. "వదినా, ఆపేయవా! టవరంతా పొద్దున్నుంచీ నన్ను ఏడిపిస్తోంది."

"ఆపితే ఊరుకోను, మళ్ళీ పెట్టు," అంది ఎక్స్ఛేంజమ్మ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. మూడోసారి విన్నాక కూతురి భుజం తట్టింది. "ఇంతకీ ఆ నాన్న క్షేమంగా దిగాడా?"

"పువ్వులా దిగాడమ్మా. దిగి, టవరు వైపు చెయ్యి కూడా ఊపాడు."