శత్రువు వస్తేనే మోగే సైరన్

మా లోయలో సర్కారు పెట్టిన ఆ సైరన్ మూగగా నిలబడటం నేను కళ్లారా చూశాను. ఫిబ్రవరిలో, బిట్టర్ ఫోర్క్ లోయ పైన బొగ్గు కడిగిన నల్లనీళ్లు ఆపడానికి గని కంపెనీ కట్టిన కట్ట తెగిన ఉదయం అది. మా అన్న ఆర్లీ తలుపు తీసేసరికి నీళ్లు గుమ్మంలో ఉన్నాయి. శవం మూడోనాడు దొరికింది.

చర్చిలో మీటింగు పెట్టి కౌంటీ పౌరరక్షణ అధికారి హోబర్ట్‌ని నిలదీశాం. అతను కాగితం తీశాడు.

"సైరన్‌కి సగం డబ్బు వాషింగ్టన్‌ది. శత్రువు దాడి చేస్తేనే మోగించాలని షరతు. నీళ్లకి మోగిస్తే ఇచ్చింది లాక్కుంటారు."

"శత్రువంటే ఎవరు బాబూ?" అంది ఆర్లీ భార్య, మా డెల్ఫియా వదిన.

"రష్యావాళ్లమ్మా."

"వాళ్ల మొహం నేనెప్పుడూ చూళ్లేదు. నా మొగుణ్ణి చంపినోళ్లు మాత్రం అదే కట్టని ఇంకా ఎత్తుగా లేపుతున్నారు. మళ్లీ తెగితే మమ్మల్నెవరు లేపుతారు?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అర్జీలు రాసి రాసి విసిగిపోయినవాళ్లం. "చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే ఉంది" అని గొణిగాడు ముసలి ఆర్విల్, నలభై ఏళ్లు గనిలో దగ్గినవాడు.

సర్కారు ఇంటింటికీ పంచిన పుస్తకం వదిన నా చేతిలో పెట్టింది. "చదువు మరిదీ."

"సైరన్ వినగానే పని ఆపి క్షేమమైన చోటికి చేరండి."

"పరీక్షకి మోగితే చేరొద్దని రాశారా?"

"లేదు వదినా."

"మరింకేం. నెల నెలా మొదటి శనివారం పరీక్షకని మోగిస్తూనే ఉన్నారుగా."

శనివారం పన్నెండింటికి మోగింది. గని బయట ఉన్నవాళ్లు లోపలికి ఫోను చేయగానే గనిలోపలి వాళ్లమంతా పనిముట్లు దించి బయటికొచ్చాం. ఆడవాళ్లు బొంతలూ బీన్స్ కుండలూ మోసుకొచ్చారు. మా లోయలో నీళ్లందని చోటు కొండమీది శ్మశానమొక్కటే. ఆర్లీ సమాధి పక్కనే పొయ్యి పెట్టాం.

హోబర్ట్ రొప్పుతూ ఎక్కొచ్చాడు. "పరీక్షేనయ్యా, దిగండి. గని ఆగిపోయిందని కంపెనీవాళ్లు నన్ను తినేస్తున్నారు."

"నీళ్లొచ్చినా మోగిస్తామని రాసివ్వు, దిగుతాం" అంది వదిన.

రాసివ్వలేదు. మూడింటికి షెరీఫ్ వచ్చి వదినకు బేడీలు వేశాడు. "బీన్స్ అడుగంటకుండా చూడు మరిదీ" అని ఆమె కొండ దిగింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు.

నాలుగింటికి సన్నగా వాన మొదలైంది. కింద గనిలో షిఫ్టుకి పిలిచే కూత వినిపించింది. ముప్పై ఏళ్ల అలవాటు, మా కాళ్లు వాటంతటవే లేచాయి.

"అది సైరన్ కాదు" అన్నాడు ఆర్విల్. "కూర్చోండి."

కూర్చున్నాం.