పోచయ్య విస్తరిలో గోలీలు

పోచయ్య పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. గోరీ ముందు విస్తరి పరిచి పెంటమ్మ మొగుడికి ఇష్టమైనవన్నీ పెట్టింది. అన్నం, కోడికూర, సీసాడు కల్లు, బీడీ కట్ట, అగ్గిపెట్టె. చివరికి కొంగుముడి విప్పి నొప్పి గోలీల అట్ట కూడా పెట్టింది.

“అవ్వెందుకక్కా?” అన్నాడు పక్క క్వార్టర్ యుగేందర్.

“అన్నం లేకున్న ఉండేటోడు గని అవి లేక ఒక్క పూట ఉండకపోయేది.”

ఆ గోలీలే ఎక్కువ మింగి మొగుడు నిద్రలో పోయాడని తెలిసీ పెట్టింది మహాతల్లి! ఇష్టమైనవి పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో రంది, తీరని దిగులు మిగిలినట్టే.

సోమనర్సయ్య కళ్లు ఆ అట్టకే అతుక్కుపోయాయి. పోచయ్యా తనూ భూపాలపల్లి బొగ్గు బావిలో ఒకే షిఫ్టు. పైకప్పు కూలి ఇద్దరి నడుములూ ఒకేసారి విరిగాయి. అప్పట్నుంచీ ఇద్దరికీ ఆ గోలీలే దిక్కు. మొదట్లో నొప్పి లేస్తే వేసుకునేవారు. తర్వాత్తర్వాత లేస్తుందేమోనన్న భయానికే వేసుకున్నారు. ఇప్పుడు షాపువాళ్లు డాక్టరు చిట్టీ లేనిదే ఇవ్వమంటున్నారు. వరంగల్ పెద్ద దవాఖానలో నొప్పుల డాక్టరుకు చూపించుకుంటే ఆయన చూసి రాస్తాడని డిస్పెన్సరీలో చెప్పారు. సోమనర్సయ్య పోలేదు. అక్కడ మొత్తానికే బంద్ చేస్తే?

నిన్నటితో అతని గోలీలు అయిపోయాయి. ఇవాళ ఎండలో కూడా వణుకు. ముక్కు కారుతోంది, కాళ్లు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి, నడుములో ఎవరో గడ్డపార పెట్టి పెకిలిస్తున్నట్టుంది. జనం అది దోస్తు పోయిన దుఃఖమనుకుని భుజం తట్టి ఓదార్చారు. అతనికి సిగ్గేసింది, అయినా చూపు మరలలేదు.

గోరీ మీద కల్లు పోసే వంతు అతనికి వచ్చింది. వంగలేడు కనుక మోకాళ్ల మీద కూలబడి సీసా వంచాడు. భుజం మీది తువ్వాలు జారి విస్తరి మీద పడింది. తీసుకున్నప్పుడు తువ్వాలుతోపాటు అట్ట కూడా వచ్చింది. ఇంత సులువా అని అతనికే నమ్మబుద్ధి కాలేదు.

అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి, దిగవు. “అవ్వను మంచిగ చూసుకుంట బాపూ,” అని మాటిచ్చాడు కొడుకు అరవింద్. అయినా కాకులు దిగలేదు. సోమనర్సయ్యకు అర్థమైపోయింది. పోచయ్య అంతా చూస్తున్నాడు, దొంగను చూపించే దాకా పిట్టను పంపడు.

పెంటమ్మ అతనివైపు తిరిగింది. “అన్నా, ఆయన రంది నీ మీదనే. నర్సన్న గూడ నా లెక్కనే అయితడని ఒక్కతీరుగ అంటుండె. ఇగ చేతికొచ్చినన్ని మింగనని నువ్వు జెప్పు.”

సోమనర్సయ్య తువ్వాలును గట్టిగా పట్టుకున్నాడు. తువ్వాలులో అట్ట కరకరమంటే అందరికీ వినపడిందనుకుని హడలిపోయాడు.

“ఇగ మింగను, పోచన్నా. డాక్టరు జెప్పినట్టే ఇంట. నన్ను నమ్ము.”

రెక్కల చప్పుడైంది. ఒక కాకి దిగి అన్నం నోట కరుచుకుంది.

“ముట్టింది! నీ మాట నమ్మిండన్నా!” అంటూ పెంటమ్మ బోరుమంది.

బావిలో కప్పు కూలిన రోజు కూడా సోమనర్సయ్య ఇంతగా భయపడలేదు. చచ్చినవాడు నమ్మేశాడు. ఇక తనను ఆపేదెవరు? ఇంటికి పోతే తలుపేసుకుని అట్ట మొత్తం మింగుతాడు. ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుసు.

భార్య వసంత వచ్చి రెక్క పట్టుకోగానే తువ్వాలును ఆమె చేతిలో కుక్కాడు. లోపలేముందో ఆమె తడిమి తెలుసుకుంది. తిట్టలేదు.

“నువ్వే పట్టు,” అన్నాడు. “గిప్పుడే వరంగల్ తోల్కపో. నొప్పి ఓర్వకపోతే ఒక్కటియ్యి. రెండోది అడిగితే ఇయ్యకు.”

“ఏడ్సి అడిగితే?”

“ఇయ్యకు.”

“మీదికొస్తే?”

వసంత అట్టను జాకెట్లో దోపుకుని యుగేందర్‌ను కేకేసింది.

“తమ్మీ, జర మాతోని బస్సుల రా. మా ఇద్దరి నడుమ కూసో.”