సంతోషి చెయ్యి

డిపో నుంచి మొదటి బస్సు గేటు దాటే చప్పుడు వినబడేసరికి సంతోషి రెండు గ్రైండర్లూ ఆపేస్తుంది. రోజూ నలభై కిలోల పిండి. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు, కొన్ని మెంతులు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న పదకొండు టిఫిన్ సెంటర్లకు దోశ పిండి ఆమె ఇంటి నుంచే పోతుంది. డిగ్రీలో లెక్కలు చదివి, పెళ్లయి, పిల్ల పుట్టాక, ఒకరి కింద చేయడం ఇష్టం లేక తానే పెట్టుకున్న పని. భర్త మహేశ్వర్ డిపోలో మెకానిక్. ఇరవై ఏడేళ్లకే ఇంత చేసిందని వాడకట్టులో అందరికీ ఆమె మీద కొంచెం గౌరవం, కొంచెం కుళ్లు.

మొదట్లో సాయంత్రం రుబ్బి, పది గంటలు పులియబెట్టి, పొద్దున కవర్లలో నింపేది. శివరాత్రి దాటినప్పటి నుంచి ఆ అవసరం లేకుండా పోయింది. ఉప్పు వేసి, గిన్నెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఐదు నిమిషాలు కలిపితే చాలు, పిండి బుడగలు లేచి అంచు దాకా పొంగుతుంది. పది గంటల పని ఐదు నిమిషాల్లో. అంటే నూట ఇరవై రెట్లు. ఆ లెక్క ఆమె మొదటి రోజే కట్టింది.

వాడకట్టువాళ్లు దాని గురించి పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. ఎదురింటి నన్నే బీ పాలగిన్నె పట్టుకొచ్చి, "జర వేలు ముంచు బేటీ, చుట్టాలొచ్చిండ్రు," అనేది. చాయ్ తాగే లోపల పెరుగు తోడుకునేది. నల్లా వచ్చిందా అని అడిగినట్టే అడిగేవాళ్లు: "సంతోషి ఇంట్ల ఉన్నదా? మామిడికాయలు మాగవెట్టాలె." ఆమె ఒంటి చర్మం తగలాలి, అంతే. గరిటెతో కలిపితే ఏమీ కాదు.

పిండి తొందరపడటం మొదలైన రోజుల్లోనే ఆమె గుండె కూడా తొందరపడటం మొదలైంది. ఊరికే కూర్చున్నా నిమిషానికి నూట ముప్పై, నూట నలభై. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. వేళ్లు వణికేవి. ఫ్యాన్ కింద కూడా చెమట. గొంతు ముందర, సరిగ్గా మింగేచోట, రేగుపండంత ఉబ్బు.

స్థానిక డాక్టరు చేతికి గ్లవుజు తొడుక్కుని ఆ ఉబ్బు నొక్కి చూశాడు. రక్తపరీక్షలో ఒక అంకె బాగా పడిపోయి సున్నా పాయింట్ సున్నా ఒకటి వచ్చింది. "థైరాయిడ్ లెక్కనే కనవడుతున్నది. కానీ ఈ గడ్డ మంచిదో కాదో సూది పరీక్ష చేస్తేనే తెలుస్తది," అని పట్నం పంపాడు. దడకు ఒక చిన్న గోలి ఇస్తే నూట నలభై కాస్తా నూట ఇరవై ఎనిమిదికి దిగింది. మంగళవారం పట్నంలో సూది గుచ్చారు. రిపోర్టు వచ్చే మంగళవారం అన్నారు.

ఆ రోజు తిరుగు బస్సులో సంతోషి లెక్క వేసుకుంది. నిమిషానికి డెబ్బై రెండు చొప్పున డెబ్బై ఏళ్లు కొట్టుకుంటే గుండె మొత్తం కొట్టుకునేది రెండు వందల అరవై నాలుగు కోట్ల తొంభై లక్షల సార్లు. తాను వాడేసింది తీసేసి, మిగిలిన దాన్ని నూట ఇరవై ఎనిమిది చొప్పున ఖర్చుపెడితే ఇంకా ఇరవై నాలుగేళ్లు. అదీ గడ్డ మంచిదైతే. కాకపోతే ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. ఇల్లు చేరే లోపల మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఇరవై నాలుగే వచ్చింది.

బుధవారం పొద్దున నన్నే బీ బుట్టలో ఐదు గుడ్లు తెచ్చింది.

"కోడిని కుక్క ఎత్తుకపోయింది. పద్దెనిమిది దినాలు పొదిగింది పాపం. ఇంకో మూడు దినాలైతే పిల్లలయ్యేటివి."

డెబ్బై రెండు గంటలు. నూట ఇరవై పెట్టి భాగిస్తే ముప్పై ఆరు నిమిషాలు. "అరగంట దాటినంక రా పెద్దమ్మా," అని సంతోషి గుడ్లను ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ కప్పింది. ముప్పై ఆరో నిమిషంలో పెంకు పగిలింది. నన్నే బీ నాలుగు పిల్లల్ని కొంగులో వేసుకుపోయింది. ఐదోది సంతోషి అరచేతిలోనే నిద్రపోయింది. ఉండనీలే అనుకుంది.

దాన్ని చూస్తూ చూస్తూ ఆమె ఆలోచన మంగళవారం మీదికి పోయింది. గడ్డ మంచిది కాకపోతే గొంతు కోస్తారా, మాట పోతుందా, బిడ్డ అమ్మా అని పిలిస్తే ఎట్లా పలకాలి. గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. కొంతసేపటికి చెయ్యి బరువెక్కిందని తెలిసి కిందికి చూసింది. అరచేతిలో ఎర్రని తురాయి, పొడుగు తోక, కాళ్ల వెనుక గట్టి ముళ్లు ఉన్న పుంజు నిలబడి, ఒంటి కన్నుతో ఆమెనే చూస్తున్నది.

గోడ గడియారం చూసింది. గంట గడిచింది, అంతే. ఆమె లెక్కన దానికి ఐదు రోజులకు మించి వయసు ఉండకూడదు. అంటే భయం పట్టినప్పుడు చేతికి వేరే లెక్క ఉంది. అది ఎంతో ఎవరూ కొలవలేదు.

వాకిట్లో ఆడుకుంటున్న కూతురు భవానిని అప్పుడు చూసింది. నాలుగేళ్ల పిల్ల. రోజూ తల దువ్వేది, స్నానం చేయించేది తనే. జడ నడుము దాటింది. శివరాత్రికి కొన్న చెప్పుల్లోంచి మడమలు బయటికొచ్చాయి. ముందటి పాలపన్ను పోయిన వారం ఊడింది.

ఆ మధ్యాహ్నం, పిండి కవర్లన్నీ పోయాక, భయం వచ్చింది. చెప్పి రాలేదు. గ్రైండర్ల మధ్య సంతోషి గోడకు ఆనుకుంటే గోడ కూడా కొట్టుకుంటున్నట్టు ఉంది. ఊపిరి గొంతు దగ్గరి ఉబ్బు దాటి కిందికి పోలేదు. భవాని అది చూసి, "అమ్మా," అని చేతులు చాపి పరుగెత్తుకొచ్చింది. రావద్దని చెప్పడానికి సంతోషికి నోరు రాలేదు. వెనక్కి జరగడానికి చోటు లేదు.

అత్త రేణుకమ్మ బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి లేచింది. యాభై నాలుగేళ్లు. ఇరవై ఐదు కిలోల బస్తా నడుముకెత్తుకుని మెట్లెక్కే మనిషి, తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. మనవరాల్ని రెక్క పట్టి పక్కకు జరిపి, కోడలి ముందర చతికిలబడి ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

భయం భుజాల్లోంచి, మోచేతుల్లోంచి, వేళ్ల కొసల్లోంచి దిగిపోవడం సంతోషికి తెలిసింది. బిందె వంచితే నీళ్లు పోయినట్టు పోయింది. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆమె కూర్చున్నచోటే నిద్రపోయింది. లేచేసరికి గంట దాటింది. రేణుకమ్మ ఇంకా చేతులు వదల్లేదు. చెవుల పక్కన జుట్టు తెల్లబడి ఉంది.

సంతోషి చేతులు లాక్కుంది. "ఎందుకు పట్టుకున్నవ్ అత్తమ్మా?"

"నువ్వు నిద్రవోయినవా లేదా?"

"వద్దు. నన్ను ముట్టుకోకు."

"పొద్దుగాల పుంజును నేను గూడ సూసిన. వారం దినాలే గద. రిపోర్టొస్తే నీ ఫికర్ నువ్వే ఇడుస్తవ్." రేణుకమ్మ చాట మళ్లీ ఒడిలోకి లాక్కుంది. "పోరికి నాలుగేండ్లు. నాకు యాభై నాలుగు. లెక్కల దానివి గద, నువ్వే చెప్పు, ఎవరి చెయ్యి వట్టుకుంటవో."

సంతోషి రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

ఆనాటి నుంచి భయం వచ్చినప్పుడల్లా రేణుకమ్మ వచ్చి కూర్చునేది. రోజుకు ఐదు గంటలు, ఆరు, ఒక్కోరోజు ఏడు. శుక్రవారం మొక్కజొన్న కంకి కాల్చిస్తే, "పండ్లు గుంజుతున్నయ్," అని పక్కన పెట్టింది. శనివారం బియ్యం బస్తా మోకాలి దాకా ఎత్తి మళ్లీ దించింది. ఆదివారం మహేశ్వర్‌కు సెలవు. తల్లిని ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. బయటికి పోయి మెత్తటి బ్రెడ్డు తెచ్చాడు, మంచం నీడలోకి జరిపాడు. నన్నే బీ ఒక చేతికర్ర తెచ్చి గోడకు ఆనించింది.

"మా ఆయనది. ఊకెనే మూలకున్నది."

"అప్పుడే కర్రెందుకు నాకు?" అన్నది రేణుకమ్మ.

"ఉండనీ. నా కన్న పెద్దదానివైతున్నవ్, రేపటికి నేను నిన్ను ఆపా, పెద్దక్కా అనాలె."

ఇద్దరూ నవ్వుకున్నారు. సంతోషి లోపలికి పోయింది.

మంగళవారం పొద్దున పట్నం నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టు ఇంకో డాక్టరు కూడా చూడాలట, గురువారం రమ్మన్నారు. ఇంకో డాక్టరు ఎందుకు చూడాలి? బాగుంటే ఒకరు చూస్తే సరిపోదా? ఫోన్ కింద పెట్టే లోపల గుండె నూట అరవై దాటింది. సంతోషి గ్రైండర్ల గదిలోకి పోయి తలుపు గడియ వేసుకుంది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు. రెండు చేతులూ పిండి గిన్నెలో ముంచింది.

పిండి పొంగి నేల మీద పారింది. పులిసింది, ముక్కు పగిలే వాసన వేసింది, పచ్చగా బూజు పట్టింది, నల్లబడి ఎండి పెచ్చులుగా లేచింది. భయం మాత్రం ఒక్క చుక్క కూడా దిగలేదు.

తలుపు అవతల కర్ర చప్పుడు. "తియ్ పిల్లా. పిండి ఏం ఓదారుస్తది నిన్ను?"

"పో అత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత, పో."

"గీ నడుముతోని కింద కూసున్నంక మళ్ల ఏడికి పోవాలె?"

తలుపు కింద నాలుగు వేళ్ల సందు ఉంది. సంతోషి నేల మీద పడి, చెంప గచ్చుకు ఆనించి ఊపిరి కోసం వెతుకుతున్నది. ఆ సందులోంచి చిన్న వేళ్లు లోపలికి వచ్చాయి. మూడు వేళ్లు, గోళ్లకు ఎర్ర రంగు. "అమ్మా, నన్ను వట్టుకో," అన్నది భవాని. వేళ్లు నేల మీద తడుముతూ ఆమె ముఖం వైపు వస్తున్నాయి. సంతోషి చెయ్యి దానంతటదే కదిలింది. ఇంకో జానెడు దూరం.

అవతల నుంచి ఎవరో చిన్న వేళ్లను మెల్లగా వెనక్కి తీశారు. వాటి చోటులోకి ఇంకో చెయ్యి వచ్చింది. ముడతలు పడి, నరాలు తేలి, ఎండుటాకులాగా తేలికైన చెయ్యి. అరచెయ్యి పైకి పెట్టి అట్లాగే ఉంది. తొందరపెట్టలేదు.

సంతోషి దాన్ని పట్టుకుంది.

గురువారం పట్నం పోయేటప్పుడు మహేశ్వర్‌కు సెలవు దొరకలేదు. "నేనొస్త," అని రేణుకమ్మ కర్ర తీసుకుంది. దవాఖానలో డాక్టరు కాగితం తిప్పి తిప్పి చూసి తలెత్తింది.

"గడ్డ చెడ్డది కాదమ్మా. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నది, అంతే. మందులతో దారికొస్తుంది. నెల, రెండు నెలల్లో ఈ దడ, భయం అన్నీ తగ్గుతాయి. భయం కూడా ఈ జబ్బులో భాగమే."

సంతోషి ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. బయట మందుల షాపతను ఆమె వణికే వేళ్లు చూసి గోలీలు కవర్లో వేసి రేణుకమ్మకు ఇచ్చాడు. "ఆమె చేతికియ్యకు, డేటు దాటుతది." రేణుకమ్మ ఒక గోలి చీల్చి కోడలి నాలుక మీద పెట్టింది, నీళ్ల సీసా నోటికి ఎత్తింది.

ఎల్బీనగర్‌లో బస్సెక్కారు. లోపల నిలబడటానికే చోటు లేదు. కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఆధార్ కార్డులు తియ్యిండ్రి," అన్నది. సంతోషిది చూసీ చూడనట్టు చూసింది. రేణుకమ్మ సంచిలో తడిమి తడిమి తన కార్డు తీసింది. పుట్టిన సంవత్సరం 1971. ఫోటోలో నల్లని జుట్టు, నిండు బుగ్గలు, ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టు చూస్తున్న ఆడమనిషి.

కండక్టరమ్మ ఫోటో చూసింది. ముఖం చూసింది. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చి, కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల భుజం తట్టింది.

"లేవమ్మా, ముసలామె నిలవడ్డది. ఎనభై ఏండ్లుంటయ్."

సంతోషి తల వద్దన్నా లెక్క వేసింది. ఎనిమిది రోజుల్లో పట్టుకున్నది యాభై గంటలు. పోయినవి పాతికేళ్ల పైమాటే. గంటకు ఆరు నెలలు. ఎవరూ కొలవని అంకె ఇదే.

రేణుకమ్మ కిటికీ పక్కన కుదురుగా కూర్చుని, కర్రను కాళ్ల మధ్య పెట్టుకుని, పళ్లు లేని నోటితో నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్న గీ బస్సు. ఇయ్యాలనే సీటు దొర్కింది సూడు."

సంతోషి రెండు చేతులతో పైనున్న రాడ్డు పట్టుకుని పక్కనే నిలబడింది. గాలికి ముసలామె తెల్లని వెంట్రుకలు ఎగిరి కళ్లలో పడుతున్నాయి. వాటిని సర్దాలని సంతోషి వేళ్లు గుంజుతున్నాయి. ఇంకో నెల. లేదా రెండు నెలలు. రాడ్డు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బోర్డులు కండ్లకు ఆనుతలెవ్వు నాకు," అన్నది రేణుకమ్మ. "ఊర్లు వచ్చినప్పుడల్ల చెప్పు."

సంతోషి చెప్పుకుంటూ వచ్చింది. తుర్కయంజాల్. రాగన్నగూడ. బొంగుళూరు గేటు. మంగళ్‌పల్లి. శేరిగూడ దాటాక రేణుకమ్మ కళ్లు మూసుకుని, "ఇంకెంత దూరమున్నది?" అని అడిగింది.

దిగాల్సిన డిపో గోడ కనబడుతూనే ఉంది.

"ఇంకా మస్తు దూరమున్నది అత్తమ్మా," అన్నది సంతోషి. "జర పండుకో."