యాభై నిమిషాల దారి

మా చెల్లెలు ఉండే నగరానికీ మా నగరానికీ మధ్య బస్సులో తొమ్మిది గంటలు, విమానంలో యాభై నిమిషాలు. ఆ బస్సు తోలేది మా అన్నయ్యే. అమ్మానాన్నలు పోయాక మా ఇద్దరికీ అన్నం పెట్టింది ఆ స్టీరింగే. చెల్లికి విమానాశ్రయంలో కౌంటర్ ఉద్యోగం వచ్చినప్పుడు డిపో అంతా చాటింపు వేశాడు. "నేను నడుం విరగ్గొట్టుకుని తోలే దారి, మా చిట్టి కాఫీ తాగేలోపు దాటేస్తుంది!"

దాటితే కదా! సిబ్బందికి టికెట్టు ఉచితమే గానీ, అందరూ ఎక్కాక సీటు మిగిలితేనే రానిస్తారు. ఉచితానికి అలవాటు పడ్డ మనిషి ఇక బస్సెక్కుతుందా? "ఈ వారం ఖాళీ లేదక్కా, వచ్చే వారం చూస్తా" అంటూ రెండేళ్లు గడిపేసింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

ఇంతలో అన్నయ్య గుండెకు ఆపరేషన్ అన్నారు. బతకడం సగం నమ్మకమేనని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చెల్లికి ఫోన్ చేసి ఏమీ దాచకుండా చెప్పేశాను. ఆపరేషన్‌కు ముందు రోజు పొద్దున్నే, అన్నయ్యతో ఆ దారిలోనే బస్సు తోలే మీసాలాయన ఆమెకు ఫోన్ చేశాడు.

"ముందు సీటు నీకోసం ఉంచానమ్మా. సాయంత్రానికల్లా అన్న దగ్గర దింపుతా."

"వద్దన్నా, మధ్యాహ్నం ఫ్లైటులో సీట్లు బోలెడున్నాయి. మీకంటే ముందే ఉంటాను" అందట.

ఆ సీట్లన్నీ ఏదో ఆటల జట్టు వచ్చి నింపేసింది. సాయంత్రం ఫ్లైటుకు, ఎలాగూ ఊరికే నిలబడ్డావు కదా, కాస్త కౌంటర్ చూడమన్నారట. పరిగెత్తుకొచ్చిన ఎవరో పెద్దమనిషికి చివరి సీటు తన చేత్తోనే రాసిచ్చింది.

మీసాలాయన మాత్రం దుమ్ముకొట్టుకున్న యూనిఫాంతో చెప్పిన వేళకు ఆసుపత్రికి వచ్చాడు. అన్నయ్య ఆయన వెనక్కి తొంగి చూశాడు.

"చిట్టి ఏదిరా?"

"విమానంలో వస్తోందన్నా."

"అయితే నీకంటే ముందే రావాలిగా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున తీసుకెళ్తుంటే స్ట్రెచర్ ఆపించాడు. "కాస్త ఆగండమ్మా, మా చిన్నది దారిలో ఉంది" అని నర్సును బతిమాలాడు. నేను మళ్లీ ఫోన్ చేశాను. "సీటు కొనుక్కుని రావే, మొహమా!" అని అరిచాను. కొందామన్నా లేవంటూ వెక్కింది. నర్సు కాసేపు ఆగింది గానీ లోపల డాక్టరు ఆగలేదు.

అన్నయ్య బల్ల మీదే పోయాడు.

చెల్లికి ఫోన్‌లో కబురు చెప్పాక, నేను కళ్లు తుడుచుకుని కాగితాల మీద సంతకాలు పెట్టేలోపే అది వరండాలో కనబడింది. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. దానికి అన్నయ్యంటే ప్రాణమని నాకు తెలుసు. తెలిసి కూడా లాగి ఒక్కటి కొట్టాలనిపించింది.

"ఇప్పుడెలా దొరికిందే సీటు?"

"ఇంట్లో మనిషి పోతే సిబ్బందికి సీటు ఇచ్చి తీరాలక్కా, అది రూలు. ఎవరినో దింపేసి మరీ ఎక్కించారు."

"ఎంతసేపు పట్టింది?"

తల దించుకుంది.

"యాభై నిమిషాలు."